తప్పు సమాధానమునకు బదులు పలుకు పాఠము

జనగామ ప్రాంతమున ఒక రైతు తన పట్టాదారు పాసుపుస్తకమును తెరచి, విస్తీర్ణము 1.20 అని వ్రాసియున్న చోట వ్రేలుంచి, ఇది ఎకరమున్నర భూమి యని చెప్పెనేని ఆతడు చెప్పినది ముమ్మాటికి నిజము. ఏలయన తెలంగాణమున నలువది గుంటలు కలసి ఒక ఎకరమగును గనుక, ఆ చుక్కకు ఎడమనున్నవి ఎకరములనియు కుడినున్నవి గుంటలనియు చదువుకొనుట ఇచ్చట చిరకాలముగా నడచుచున్న పద్ధతి. ఆ రైతు కుమార్తె ఆరవ తరగతిలో దశాంశ భిన్నముల పాఠము వినుచు, 1.20 అనగా ఒకటిన్నర యనియు, 1.35, 1.5 అను రెండింటిలో 1.35 పెద్దదనియు వ్రాసినచో అది తప్పు. అయినను ఆ తప్పునకు మూలము మాంద్యము కాదు. ఇంటిలో పెద్దలు నిత్యము మాటలాడుకొను లెక్కను ఆ బాలిక నమ్మినది. ఆమె కంటికి మొదటిది ఎకరముమీద ముప్పదియైదు గుంటలు, రెండవది ఎకరముమీద అయిదు గుంటలు.

ఇట్టి బాలిక ఒక డిజిటల్ పాఠము ముందు కూర్చుండినదనుకొందము. తెరపై ప్రశ్న వచ్చును, ఆమె 1.35 ను తాకును. ఎర్రని గుర్తొకటి మెరసి, మరల ప్రయత్నింపుమను అక్షరములు కనబడును. ఉన్నవి రెండే సమాధానములు గనుక ఆమె రెండవదానిని తాకును. చప్పట్ల ధ్వని వినవచ్చును, నక్షత్రములు రాలును, పాఠము ముందునకు సాగును. ఆ బాలికకు నక్షత్రములు దక్కినవి. దశాంశ స్థానము దక్కలేదు. ఇంటరాక్టివ్ అను పేరుతో విపణిలో విక్రయింపబడుచున్న పాఠములలో పెక్కింటి స్వరూపమిదియే. విద్యార్థి చేసిన తప్పును విని, అది ఏ దారిని వచ్చినదో గ్రహించి, ఆ దారినే వెనుకకు నడిపించి తీసికొనివచ్చు ప్రత్యుత్తరము ఎందు గలదో అదియే ఆ పేరునకు తగిన పాఠము. అట్టి ప్రత్యుత్తరమును వ్రాయగలవారు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల తరగతి గదులలో ఆ తప్పులను ప్రతిదినము ఎర్రసిరాతో దిద్దుచున్న ఉపాధ్యాయులే యనియు, కావున పాఠనిర్మాణ సాఫ్ట్‌వేరు మహానగరములందలి సంస్థల చేతినుండి వారి చేతికి రావలెననియు నా వాదము.

ఈ సాఫ్ట్‌వేరును వృత్తిలోనివారు ఆథరింగ్ టూల్ అందురు. ప్రోగ్రాము వ్రాయుట ఎరుగనివారు సైతము చిత్రమును, కంఠధ్వనిని, వీడియోను, ప్రశ్నను తెరపై అమర్చి, ఏ సమాధానమునకు ఏ తెర తరువాత రావలెనో నిర్ణయించి, చివర పబ్లిష్ అను మీటను నొక్కినచో ఆ కూర్పంతయు ఒక జిప్ ఫైలుగా వెలువడును. దానిని మూడిల్ వంటి బోధన వేదికపై నుంచినచో బ్రౌజరునందు తెరచుకొనును. ఒకరి ఉపకరణముతో చేసిన పాఠము మరియొకరి వేదికపై నడచుటకు అనువుగా, అమెరికా రక్షణ శాఖ పూనికతో, స్కార్మ్ అను ప్రమాణము 2000 సంవత్సర ప్రాంతమున ఏర్పడినది. ఆర్టిక్యులేట్ స్టోరీలైన్, అడోబీ క్యాప్టివేట్ అనునవి పెద్ద కార్యాలయములలో ప్రసిద్ధములు. అందు మొదటిదాని చందా ఏడాదికి వేయి డాలరులకు పైమాటయే గనుక మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు దాని పేరెత్తవలసిన పనిలేదు. అందులకు విచారింపను అక్కరలేదు. నార్వే దేశమున 2013లో పుట్టిన హెచ్‌5పీ, న్యూజిలాండున మొలకెత్తి స్పెయిన్ దేశమున పెరుగుచున్న ఈఎక్స్‌ఈ లెర్నింగ్ అనునవి ఉచితముగానే లభించును; మన అవసరములలో నూటికి తొంబదిపాళ్ళు వానితో తీరునని నా అభిప్రాయము.

యంత్రముచే పాఠము చెప్పించు ఆలోచన నిన్న మొన్నటిది కాదు. హార్వర్డు మనస్తత్త్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1954లో తన బోధన యంత్రమును ప్రదర్శించి, పాఠమును అతిసూక్ష్మములైన మెట్లుగా ఖండించినచో విద్యార్థి తప్పు చేయు అవకాశమే సన్నగిల్లునని వాదించెను. విద్యార్థి తప్పు చేసెనేని ఆ దోషము పాఠరచయితదని ఆయన మతము. అమెరికా వైమానిక దళమునకు శిక్షణ పాఠములు కూర్చిన నార్మన్ క్రౌడర్ దీనికి భిన్నమైన త్రోవ తొక్కెను. ఆయన పుస్తకములను పుట వెంట పుటగా చదువుటకు వీలులేదు. ప్రశ్నకు కొన్ని సమాధానములిచ్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పుట సంఖ్యను సూచించి, తప్పు సమాధానమును ఎన్నుకొన్నవాడు తెరచిన పుటలో వాడెట్లు తలపోసి యుండునో, ఆ తలపోతలో పొరపాటెచ్చట నున్నదో వివరించి, మరల ప్రశ్న యొద్దకే పంపుట ఆయన పద్ధతి. నేటి సాఫ్ట్‌వేరులందు బ్రాంచింగ్ అని పిలువబడు సదుపాయమునకు మూలము ఇచ్చటనే యున్నది. 1960లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ ప్రారంభించిన ప్లేటో కంప్యూటరు వ్యవస్థయు, దానికై ఆ దశకము ముగియకముందే పాల్ టెంజర్ రూపొందించిన ట్యూటర్ అను భాషయు, ఉపాధ్యాయుడు తన పాఠమును తానే నిర్మించుకొనవచ్చునని నిరూపించినవి. అరువది యేండ్లు గడచినవి. ఉపకరణములు మిక్కిలి సులువైనవి. తప్పును గూర్చి క్రౌడర్ పడిన శ్రద్ధ మాత్రము తరిగిపోయి, స్కిన్నర్ పంచిపెట్టిన మెచ్చుకోలు మిగిలినది.

మన ప్రాంతపు అనుభవము వేరొక తీరున సాగినది. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు టెలివిజన్ పాఠములు ప్రసారము చేసిన సైట్ ప్రయోగమున నాటి ఆంధ్రప్రదేశమును గలదు. దేశమునందలి తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసి, బడి మానినవారికి తెలుగున పాఠ్యపుస్తకములను అందించెను. మహమ్మారి దినములలో, 2020 సెప్టెంబరు 1 నుండి, దూరదర్శన్ యాదగిరియు టీశాట్ వాహినులును ఇంటింటికి పాఠము వినిపించినవి. వీనిలో ఏ ఒక్కదానిని నేను తక్కువచేసి మాటలాడను. బడి మూతపడిన వేళ ఆ గొంతు లేకున్న ఎన్నో తండాలకు చదువే లేదు. అయినను ఉపగ్రహము పలికినది, పిల్లలు వినిరి. పిల్లలు పలికినది ఉపగ్రహమునకు వినబడలేదు.

వినుటకు యత్నించిన ప్రయోగమొకటి లేకపోలేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎం.ఐ.టి., టాటా ట్రస్ట్స్ కలసి పదియేండ్ల క్రిందట క్లిక్స్ అను పేర నొక విద్యాయత్నమును ఆరంభించి, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం రాష్ట్రములతోపాటు తెలంగాణ ప్రభుత్వోన్నత పాఠశాలలలో గణితము, విజ్ఞానశాస్త్రము, ఆంగ్లము పాఠములను కంప్యూటరు గదులలో నడిపినవి. ఆ పాఠములు తెలుగుననున్నవి. ఇంటర్నెట్టు లేకున్నను పాఠశాలలోని సర్వరు నుండి పనిచేయునట్లు కూర్చబడినవి. ఒక్కొక్క కంప్యూటరు ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు కూర్చుండి వాదించుకొనుట ఒక లోపముగాక పద్ధతిగా స్వీకరింపబడినది. రేఖాగణితమున పోలీస్ క్వాడ్ అను ఆటలో పిల్లలు చతుర్భుజముల లక్షణములను ఒక్కొక్కటిగా విచారించి దొంగ నెవరో పోల్చుకొందురు. 2017 సంవత్సరపు యునెస్కో బహుమతి ఈ యత్నమునకు లభించినది. ఇంతటి పనికి నమస్కరించుచునే ఒక్కమాట చెప్పవలసి యున్నది: ప్రాజెక్టు అనుదానికి గడువుండును, ఉపాధ్యాయునకు గడువు లేదు. ఆ పాఠములు ఎట్లు నిర్మింపబడినవో ఆ విద్య మండలము మండలమునకు దిగి స్థిరపడినప్పుడు గదా అది మనదగుట!

అందులకు ద్వారము ఇదివరకే తెరచియున్నది. కేంద్ర ప్రభుత్వము 2017 సెప్టెంబరులో ఆరంభించిన దీక్షా వేదికకు మన పాఠ్యపుస్తకములందలి క్యూఆర్ కోడులు దారితీయుచున్నవి. ఆ వేదిక వీడియోలతోను పీడీఎఫ్‌లతోను పాటు హెచ్‌5పీ పాఠములను గూడ స్వీకరించును. అనగా బచ్చన్నపేటలోనో కురవిలోనో ఒక టీచరమ్మ కూర్చిన పాఠము, తగిన పరిశీలన పిమ్మట, రాష్ట్రమునందలి ప్రతి విద్యార్థి ఫోనునకు చేరుటకు సాంకేతికముగ అడ్డేమియు లేదు. ఉన్నత పాఠశాలలు కొన్నింటికి తాకిన పలుకు పెద్ద తెరలును వచ్చినవి. ఆ తెరలపై యూట్యూబు వీడియోలు నడపుటకే తృప్తిపడుట, నాగలి కొని దానిపై బట్టలారవేయుట వంటిది.

గుంటల లెక్కకు మరల వత్తము. పాఠము కూర్చదలచిన గణితోపాధ్యాయుడు మొట్టమొదట కంప్యూటరు తెరువరాదు. గతించిన రెండు మూడేండ్ల పరీక్షల జవాబు పత్రములు దొరికినచో వానిని ముందుంచుకొని, దశాంశముల ప్రశ్నలకు పిల్లలు వ్రాసిన తప్పులను ఒక కాగితముపై ఎక్కించి, ఏ తప్పు ఎన్ని చేతులనుండి వచ్చినదో లెక్కింపవలెను. అప్పుడు బహుళైచ్ఛిక ప్రశ్నకు ఊహించి కల్పించిన తప్పు సమాధానముల అవసరముండదు; బ్రతికియున్న తప్పులే చాలును. 1.35 పెద్దదని తాకిన బాలికకు తెరచుకొను తెర, ఆమె పాసుపుస్తకపు లెక్క అచ్చట సరియేయని మొదట ఒప్పుకొనవలెను. పిదప ఒక ఎకరమును సూచించు పొడవైన పట్టీని చూపి, దానిని ఆమెయే నలువది భాగములుగా ఒకసారి, పది భాగములుగా మరియొకసారి ఖండించునట్లు చేయవలెను. ఎకరములో 0.5 అనగా ఇరువది గుంటలు, 0.20 అనగా ఎనిమిది గుంటలే. గణిత పుస్తకపు 1.35 ఎకరములను మన గుంటలలోనికి మార్చినచో ఎకరముమీద పదునాలుగు గుంటలు మాత్రమే యగును. ఈ మూడు లెక్కలను తన వ్రేలితో తానే జరిపి చూచిన బాలిక ఆ చుక్కకు రెండు లోకములలో రెండర్థములున్నవని తెలిసికొనును. పాసుపుస్తకమును గాని తండ్రిని గాని అనుమానింపవలసిన పని ఆమెకు కలుగదు.

ఇంతటితో పని తీరలేదు. సరియైన సమాధానమును తాకిన బాలుడు సరిగా తలచెనని ఎట్లు నమ్మనగును? మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున కేయ్ స్టేసీ, విక్కీ స్టైన్లే అను విదుషీమణులు దశాంశములయెడ బాలుర భ్రమలను ఏండ్ల తరబడి పరిశోధించి, అంకెలెక్కువగానున్న సంఖ్యయే పెద్దదను భ్రమ యొక్కటే కాక, అంకెలు తక్కువగానున్నదే పెద్దదను విపరీత భ్రమయు కలదని చూపిరి. పదవ వంతులకంటె నూరవ వంతులు చిన్నవి గనుక 1.35 చిన్నదని తలచువాడు మన ప్రశ్నకు సరియైన సమాధానమే ఇచ్చును. చప్పట్లు వాని భ్రమను మరింత బిగించును. వానిని 1.35, 1.3 లలో ఏది పెద్దదని రెండవమారు ప్రశ్నించినగాని గుట్టు బయటపడదు. కావున సరియైన సమాధానము వెనుక సైతము ఒక పరీక్షక ప్రశ్న నుంచుట నేర్పరియైన పాఠకర్త లక్షణము. ఇట్టి పాఠము పూర్తి యగుటకు పది తెరలు చాలును. బొమ్మ కుందేలు గంతులు వేయనక్కరలేదు. ఆ గంతులకై వెచ్చించు ధనముతో ఒక మండలములోని ఉపాధ్యాయులందరికి శిక్షణ నీయవచ్చును.

మహబూబాబాదు జిల్లాలో సమస్య మరియొక ముఖమున ఎదురగును. డోర్నకల్, మరిపెడ ప్రాంతముల తండాలనుండి వచ్చు లంబాడా బిడ్డలును, కొత్తగూడ, గంగారం అడవులనుండి వచ్చు కోయ బిడ్డలును బడిలో ప్రవేశించునాటికి వారి ఇంటి పలుకు తెలుగు కాదు. 2004 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రము కోయ, బంజారా, గోండి మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో తెలుగు లిపితోనే వాచకములను సిద్ధము చేసి మాతృభాషా బోధనమునకు పూనుకొనినది. అచ్చు పుస్తకము చేయజాలని పనియొకటి నేటి ఉపకరణము చేయగలదు: బాలుడు బొమ్మను తాకగానే తన అవ్వ పలుకుబడిలో ఆ మాట వినిపించి, వెనువెంటనే తెలుగు మాట వినిపించుట. ఇందులకు స్టూడియో అక్కరలేదు. ఫోనులోని మైకు, మూసిన తలుపులు గల గది, తండాలో స్పష్టముగా మాటలాడు ఒక తల్లి యున్నచో చాలును. అయితే ఆ తల్లి గొంతును తీసికొనుటకు ముందు ఆమె అనుమతి పొంది, ఆ గొంతు ఎచ్చట వినబడునో ఆమెకు చెప్పుట ధర్మము. పాలకుర్తి సోమనాథుడు పండితులకు ప్రియమైన సంస్కృతభూయిష్ఠ రచనను ప్రక్కకు నెట్టి, జనులకు తెలియు తెనుగునందు ద్విపదను చేపట్టిన సీమ ఇది. ఈ మాటను ఇట్టి శైలిలో వ్రాయుచున్నందులకు పాఠకులు నవ్వుకొందురేని అది వారి హక్కు.

భూపాలపల్లిలో పాఠశాలతోపాటు గనియు బడియే. సింగరేణి వారి కేటీకే గనులలో దిగువారికి వృత్తి శిక్షణ ఈయవలెనని 1966 నాటి నియమములు శాసించుచున్నవి. గాలిలో మీథేను పాలు నూటికి అయిదు మొదలు పదునైదు వరకు నున్నప్పుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. ఇట్టి వాక్యములను ఎన్నిమార్లు వల్లె వేయించినను, గని కప్పునుండి ధ్వని మారి వినబడిన క్షణమున ఏమి చేయవలెనో నిర్ణయించు అలవాటు వానివలన రాదు. పరిస్థితిని చూపి, నిర్ణయమడిగి, తప్పు నిర్ణయపు ఫలితమును తెరమీదనే అనుభవింపజేయు శాఖాపాఠములను, బాయి పనిలో జీవితమును గడపిన సర్దారులును ఓవర్‌మన్‌లును కూర్చుండి కూర్పవలెను.

ప్రచురణ విషయమున మన అజాగ్రత్త మిక్కిలి పెద్దది. ఫ్లాష్ అను సాంకేతికమున నిర్మింపబడిన పాఠములు లోకమునందు లెక్కకు మీరియుండెడివి. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ దానికి స్వస్తి చెప్పగా అవి బ్రౌజరులలో తెరచుకొనుట మానినవి. మూలఫైళ్ళు భద్రపరచినవారు వానిని మార్చుకొనిరి; సీడీలు మాత్రమే గలవారు బీరువాలలో దాచుకొనిరి. తెలుగునకు ఇంతకన్న పాత వ్యాధి మరియొకటి కలదు. యూనికోడులో 1991 నుండియు తెలుగునకు స్థానమున్నను, నేటికిని యూనికోడునకు చెందని ‘అను’ ఫాంటులలో టైపు చేసి, దానిని బొమ్మగా మార్చి పాఠమున అతికించువారు కలరు. ఆ అక్షరములను వెదకుటకు వీలుండదు, చూపులేని బాలునకు యంత్రము చదివి వినిపింపజాలదు, ఒక్క ఒత్తు తప్పినను దిద్దుటకు తరము కాదు. పలిమెల, మహాముత్తారం వంటి మండలములలో సిగ్నలు నిలకడగా దొరకదు గనుక పాఠము ఇంటర్నెట్టు లేకయే నడువవలెను. లూమి అను ఉచిత ఉపకరణము హెచ్‌5పీ పాఠమును ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఈయగలదు, దానిని పెన్‌డ్రైవుతో పంచుకొనవచ్చును. పాఠము బరువు కొలదిపాటి ఎంబీలలో నుండవలెను. తండ్రి పొలమునుండి వచ్చువరకు ఫోను చేతికి రాని బిడ్డకు ఆ గంటలో డౌన్‌లోడే ముగియకున్న చదువెప్పుడు?

ఉపాధ్యాయులకు తీరిక ఏదియని ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణము న్యాయమైనది. 2022 నుండి తొలిమెట్టు, పిదప ఉన్నతి అను బోధన కార్యక్రమములు, వాని రికార్డులు, యాప్‌లలో హాజరులు, ఎన్నికల విధులు, సర్వేలు, ఇన్నింటి నడుమ సాయంకాలపు మిగులు గడియలలో పాఠము కూర్చుమని చెప్పుట క్రౌర్యము. ఆ పనిని ఆన్ డ్యూటీగా లెక్కింపనిచో తలపెట్టకుండుటయే మేలు. ఉపాధ్యాయులు కూర్చిన పాఠములలో దోషములుండునను ఆక్షేపణమును కలదు. ఉండును. కొన్న పాఠములలోను ఉండును. కొన్నవానిని దిద్దు అధికారము మనకు లేదు. ఇక కృత్రిమ మేధ నిమిషములో పాఠము వ్రాసి ఇచ్చునను ధీమా కొందరికున్నది. చిత్రములకును, ప్రశ్నల తొలి ముసాయిదాకును దానిని వాడుకొనుటలో తప్పులేదు; అయితే ఆరవ తరగతి 'బి' సెక్షనులో ఏ బిడ్డ ఎందువలన తప్పినదో దానికి ఎవరైన చెప్పవలసినదే గదా.

మూడు జిల్లాల విద్యాశాఖాధికారులకు నా విన్నపము ఒక్కటే. రాబోవు వేసవి సెలవులకు ముందే ప్రతి స్కూల్ కాంప్లెక్స్ సమావేశమునందు ఒక్క పాఠ్యాంశమును, అందు పిల్లలు తరచుగా చేయు తప్పులను ఎన్నుకొనునట్లు ఉత్తరువు చేయుడు. ముగ్గురు నలుగురు ఉపాధ్యాయులకు ఆన్ డ్యూటీ ఇచ్చి, హనుమకొండలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థయైన డైట్ అధ్యాపకుల సాయముతో ఆ పాఠమును కూర్పించుడు. బోధనోపకరణముల (టీఎల్ఎం) మేళాలలో అట్టముక్కల నమూనాల సరసన దానికిని ఒక బల్ల వేయించుడు. పిల్లలచే ఆడించి చూచి, మరల దిద్దించి, జూన్ మాసమున బడులు తెరచునాటికి దీక్షాలో చేర్పించుడు. దానితోపాటు, పొరుగు జిల్లా ఉపాధ్యాయుడు తన పిల్లలకు తగినట్లు మార్చుకొనుటకు వీలుగా, మూలఫైలును గూడ అందరికి అందుబాటులో నుంచుడు.